రైల్లో పిల్లల హాఫ్ టికెట్: వయసు రుజువు చూపించడం ఎలా?

వేసవి సెలవుల ముందు, దసరా, సంక్రాంతి ప్రయాణాల ముందు బంధువుల నుంచీ ఇరుగుపొరుగు నుంచీ నాకు వచ్చే ప్రశ్న ఒకటే: "పిల్లవాడికి హాఫ్ టికెట్ తీశాం, రైల్లో వయసు అడిగితే ఏం చూపించాలి?" దీనికి ఒక్క మాటలో "ఆధార్" అని చెప్పేసేవారు చాలామంది ఉన్నారు. ఆ జవాబు తప్పు కాదు గానీ, అది సగం జవాబే. చిక్కు చాలావరకు రైల్లో టికెట్లు తనిఖీ చేసే టీటీఈ దగ్గర మొదలవదు. టికెట్ తీసిన రోజున ఇంట్లోనే వయసును తప్పుగా లెక్కవేసుకోవడంతో మొదలవుతుంది. అందుచేత కింది క్రమంలో ముందు లెక్క, తర్వాత టికెట్, ఆ తర్వాత పత్రం చూసుకోండి.

దగ్గర ఉంచుకోవలసినవి

- పిల్లల పుట్టిన తేదీ రోజు, నెల, సంవత్సరంతో సహా కనిపించే పత్రం ఒకటి. మున్సిపాలిటీ లేదా గ్రామ పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, పాస్‌పోర్టు, పుట్టిన తేదీ ముద్రించిన స్కూలు ఐడీ కార్డులలో ఏదైనా సరే.
- పిల్లల టికెట్ ఉన్న పీఎన్‌ఆర్‌ (బుకింగ్ నంబరు)లోనే ఉన్న పెద్దవారిలో కనీసం ఒకరి అసలు గుర్తింపు కార్డు. ఇది ప్రయాణికుల గుర్తింపు కోసం; పిల్లల వయసుకు ఇది రుజువు కాదు.
- టికెట్, లేదా ఫోనులో వచ్చిన బుకింగ్ సందేశం.
- పిల్లవాడు వయసుకు మించి పొడుగరి అయితే, పై వాటికి తోడుగా బడి నుంచి తెచ్చుకున్న స్టడీ సర్టిఫికెట్.

1. నిండిన ఏళ్ళను, ప్రయాణం రోజుకు లెక్కవేయండి

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మన ఇళ్ళలో వయసు చెప్పే తీరు వేరు, రైల్వే అడిగే తీరు వేరు. "పదకొండు వెళ్ళి పన్నెండు వచ్చాయి" అని అమ్మమ్మ అన్నదంటే, ఆ బిడ్డకు పదకొండేళ్ళు నిండి పన్నెండో ఏడు నడుస్తోందని అర్థం. రైల్వే లెక్కలో ఆ బిడ్డ వయసు 11, అంటే హాఫ్ టికెట్ నిక్షేపంగా చెల్లుతుంది. అదే అమ్మమ్మ రైల్లో టీటీఈతో "పన్నెండేళ్ళు బాబూ" అనేస్తే, చేతిలో సరైన టికెట్టే ఉన్నా వివరణ ఇచ్చుకోవలసిన పరిస్థితి వస్తుంది. దీనికి విరుద్ధమైన పొరపాటూ జరుగుతుంది: పన్నెండు నిండి నెల దాటిన పిల్లవాడిని "ఇంకా ఏడో తరగతే కదా" అని హాఫ్ టికెట్‌తో ఎక్కించేస్తారు. తరగతితో నిమిత్తం లేదు, నిండిన ఏళ్ళే లెక్క.

హద్దులు రెండే ఉన్నాయి. అయిదేళ్ళు నిండని పిల్లలకు విడిగా బెర్తు అడగనంత వరకు టికెట్ అక్కర్లేదు. అయిదు నిండి పన్నెండు నిండని పిల్లలకు, బెర్తు అక్కర్లేదంటే సగం ఛార్జీ. పన్నెండు నిండిన రోజు నుంచి పెద్దవారితో సమానంగా పూర్తి ఛార్జీ కట్టవలసిందే.

ఇప్పుడు రిజర్వేషన్ ప్రయాణం రోజుకు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి, టికెట్ తీసే రోజుకూ రైలెక్కే రోజుకూ మధ్య పుట్టినరోజు వచ్చే అవకాశం బాగా ఉంది. ఉదాహరణకు, మీ అమ్మాయి 2014 ఆగస్టు 14న పుట్టిందనుకోండి. 2026 జులైలో కూర్చుని మీరు రెండు టికెట్లు తీస్తున్నారు: ఆగస్టు 10న తిరుపతికి, ఆగస్టు 20న తిరుగు ప్రయాణానికి. వెళ్ళేటప్పుడు ఆమె వయసు 11, తిరిగి వచ్చేటప్పుడు 12. వెళ్ళేటప్పుడు హాఫ్, వచ్చేటప్పుడు ఫుల్ తీయాలి. బుక్ చేసే రోజున 11 కదా అని రెండింటికీ 11 వేస్తే, తిరుగు ప్రయాణంలో మీ చేతిలోని ఆధార్ కార్డే మీకు అడ్డం తిరుగుతుంది.

తిథుల ప్రకారం పుట్టినరోజు జరుపుకొనే ఇళ్ళవారు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. తిథి ప్రకారం వచ్చే పుట్టినరోజు ఇంగ్లీషు తేదీకి కొన్ని రోజులు అటో ఇటో పడుతుంది. పత్రంలో ఉన్న తేదీనే పట్టుకోండి.

2. అసలు రుజువు అవసరమయ్యే టికెట్టేనా చూసుకోండి

2016 ఏప్రిల్ 21 నుంచి, అయిదు నుంచి పన్నెండు లోపు పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పెద్దవారి ఛార్జీ పూర్తిగా కట్టాలి. అలా పూర్తి ఛార్జీ కట్టినవారిని వయసు రుజువు చూపమని ఎవరూ నిలదీయరు, ఎందుకంటే వయసు చెప్పి మీరు పొందిన రాయితీ ఏదీ లేదు. మీరు పత్రం సిద్ధం చేసుకోవలసిన సందర్భాలు మూడు: అన్‌రిజర్వ్‌డ్ హాఫ్ టికెట్, రిజర్వ్‌డ్ బోగీలో బెర్తు లేని హాఫ్ టికెట్, అయిదేళ్ళ లోపు అని టికెట్ లేకుండా తీసుకెళ్ళే పసిపిల్లలు.

చైర్ కార్, ఎగ్జిక్యూటివ్ చైర్ కార్, సెకండ్ సిట్టింగ్ తరగతుల్లో సీటు లేని హాఫ్ టికెట్ అన్న ఏర్పాటే లేదు. సికింద్రాబాద్–విశాఖపట్నం, సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్‌ల వంటి చైర్ కార్ రైళ్ళలో ఆరేళ్ళ పిల్లకైనా పూర్తి ఛార్జీయే. "హాఫ్ టికెట్ ఎందుకు రావడం లేదు" అని సైటుతో కుస్తీ పట్టేవారు ముందు తరగతి చూసుకోవాలి.

నా సలహా ఒకటి చెబుతాను. పదేళ్ళు దాటిన పిల్లవాడిని రాత్రి ప్రయాణంలో బెర్తు లేకుండా తీసుకెళితే, అతనికీ మీకూ కూడా నిద్ర ఉండదు. స్థోమత ఉంటే పూర్తి టికెట్ తీసేయండి. నిద్ర దక్కుతుంది, పత్రాల గొడవా తప్పుతుంది. పగటి ప్రయాణానికి, దగ్గరి ఊళ్ళకు హాఫ్ టికెట్ చాలు.

3. పత్రాన్ని ఎంచుకోండి, తీసి చదవండి

పత్రం బీరువాలో ఉందని తెలుసుకోవడం చాలదు. దాన్ని బయటికి తీసి, పుట్టిన తేదీ ఉన్న చోట వేలు పెట్టి చదవాలి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. 2024 మే నెలలో మా అక్క కొడుకును రాత్రి రైల్లో హాఫ్ టికెట్ మీద తీసుకువెళుతున్నాను. వాడికి నవంబరులో పన్నెండు నిండుతాయి, కానీ అప్పటికే నా భుజం దాటి ఎదిగాడు. టీటీఈ వాడిని కింద నుంచి పైకి చూసి, ఆధార్ అడిగారు. ధీమాగా తీసి ఇచ్చాను. ఆయన కార్డును బెర్తు లైటు కింద పట్టుకుని, బొటనవేలితో ఒక గీత మీద తట్టి నాకే చూపించారు: పుట్టిన సంవత్సరం 2012 అని మాత్రమే ఉంది, రోజూ నెలా లేవు. 2012లో జనవరి నుంచి మే లోపు పుట్టి ఉంటే వాడికి పన్నెండు నిండినట్టు, ఆ తర్వాత పుట్టి ఉంటే నిండనట్టు. కార్డు ఏదీ తేల్చలేదు. చివరికి మా అక్క జనన ధ్రువీకరణ పత్రాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాక, ఆయన పెద్ద మనసుతో సరే అన్నారు. అనకపోయినా తప్పుపట్టడానికి లేదు, పొరపాటు మాదే.

కాబట్టి ఒక్కో పత్రంలో ఏం చూడాలో చెబుతాను.

*జనన ధ్రువీకరణ పత్రం.* వయసు విషయంలో దీనికి మించినది లేదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీని రుజువు చేసే పత్రంగా చట్టం దీనినే గుర్తిస్తోంది. అయితే ఇందులో ఒక లోపం మన దగ్గర మహా సాధారణం: బారసాలకు ముందే ఆసుపత్రి నుంచి నమోదు జరిగిపోవడంతో, పేరు రాయవలసిన గడి ఖాళీగా ఉంటుంది. తల్లిదండ్రుల పేర్లు, తేదీ ఉంటాయి. ఆ తేదీ ఈ పిల్లదేనని పత్రం చెప్పదు. అలాంటి పత్రంతో వెళ్ళేటప్పుడు అందులో పేరున్న తల్లి లేదా తండ్రి గుర్తింపు కార్డును, పిల్లల ఆధార్‌ను జతగా పెట్టుకోండి. తీరిక ఉన్నప్పుడు పేరు చేర్పించుకోవడం ఎలాగూ మంచిది. పుట్టిన పన్నెండు నెలల లోపు అయితే రుసుము లేకుండా, ఆ తర్వాత పదిహేనేళ్ళ వరకు ఆలస్య రుసుముతో ఆ వీలు ఉంది. నమోదు చేసిన మున్సిపాలిటీ లేదా పంచాయతీలోనే అడగాలి.

*ఆధార్.* రైల్లో గుర్తింపు కార్డుగా చెల్లుతుంది. పుట్టిన తేదీకి ఇది తిరుగులేని రుజువు కాదని ఆధార్ సంస్థే చెప్పింది, 2024లో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో ఆ మాటే అన్నది. అయినా రైల్లో మాత్రం పూర్తి తేదీ ఉన్న ఆధార్‌తో సాధారణంగా పని జరిగిపోతుంది. సంవత్సరం మాత్రమే ఉంటే దాన్ని నమ్ముకోకండి. అయిదేళ్ళ లోపు పిల్లలకు ఇచ్చే నీలం రంగు బాల ఆధార్ పసివారికి బాగా పనికొస్తుంది. పిల్లల ఆధార్ మీ మొబైల్ నంబరుకే ముడిపడి ఉంటే, ఎంఆధార్ యాప్‌లో మీ ప్రొఫైల్ పక్కనే వారిదీ చేర్చుకోవచ్చు; మొత్తం అయిదు ప్రొఫైళ్ళ వరకు కుదురుతుంది.

ఈ-ఆధార్ ఫైలు ఫోనులో ఉంచుకునేవారు దాని పాస్‌వర్డు గుర్తుపెట్టుకోవాలి: ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పిల్లల పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, వాటి వెంటనే పుట్టిన సంవత్సరం. తమ పేరు కొట్టి, అది తెరుచుకోక రైల్లో చెమటలు పట్టించుకునేవారిని చూశాను.

*స్కూలు ఐడీ కార్డు.* గుర్తింపు పొందిన బడి ఇచ్చిన, ఫొటో ఉన్న కార్డు రైల్వే ఒప్పుకునే గుర్తింపు కార్డుల్లో ఒకటి. కానీ చాలా కార్డుల మీద తరగతి, సెక్షను, రక్తం గ్రూపు, బస్సు రూటు అన్నీ ఉంటాయి, పుట్టిన తేదీ ఒక్కటే ఉండదు. అలా ఉంటే బడిలో అడిగి స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. అందులో అడ్మిషన్ రిజిస్టరు ప్రకారం పుట్టిన తేదీ రాయమని ప్రత్యేకంగా చెప్పండి.

*పాస్‌పోర్టు.* ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. అమెరికా నుంచి సెలవులకు వచ్చే కుటుంబాలు పిల్లల పాస్‌పోర్టునే చూపించడం మేలు, ఎందుకంటే అందులో నెల అక్షరాల్లో ఉంటుంది. అక్కడి జనన పత్రంలో తేదీ అంకెల్లో ఉంటే నెల ముందు, రోజు తర్వాత రాసి ఉండవచ్చు. 03/08/2014 అని ఉంటే అక్కడివారికది మార్చి 8, ఇక్కడి టీటీఈకి ఆగస్టు 3.

మన దగ్గర మరో పాత అలవాటు ఉంది. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు వయసు చాలదని బడిలో అసలు తేదీ కన్నా కొన్ని నెలలు ముందటి తేదీ రాయిస్తారు. దాంతో బడి రికార్డులో ఒక తేదీ, జనన పత్రంలో ఒక తేదీ అవుతాయి. మీ ఇంట్లో ఇదే పరిస్థితి ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పుట్టిన తేదీ జనన పత్రంలోనిదే. టికెట్ కూడా దాని ప్రకారమే తీయండి. టికెట్‌కు ఒక తేదీ, పత్రానికి ఒక తేదీ వాడకండి.

4. బుక్ చేసేటప్పుడు

ఐఆర్‌సీటీసీలో పిల్లల వయసు 5 నుంచి 11 మధ్య వేయగానే బెర్తు కావాలా వద్దా అన్న ఎంపిక వస్తుంది. వద్దంటేనే సగం ఛార్జీ. డబ్బు కట్టే ముందు మొత్తం చూసి, సగం పడిందో పూర్తిగా పడిందో నిర్ధారించుకోండి. అయిదేళ్ళ లోపు పిల్లల వివరాలు విడిగా, శిశువుల గడిలో నమోదు చేయాలి. కౌంటరులో ఇచ్చే రిజర్వేషన్ ఫారంలోనూ టికెట్ అక్కర్లేని పసిపిల్లల కోసం వేరే గడి ఉంటుంది.

ఫలితం సరిచూసుకునే గుర్తు ఇది: బెర్తు లేని హాఫ్ టికెట్ అయితే పిల్లల పేరు ఎదురుగా బెర్తు నంబరుకు బదులు ఎన్ఓఎస్‌బీ (NOSB, అంటే సీటూ బెర్తూ లేదని) అని ఉంటుంది. అది చూసి "మా పిల్లకు సీటు ఇవ్వలేదు" అని కంగారు పడకండి, మీరు అడిగినదే అది. టికెట్ మీద వయసు తప్పు పడితే, బుక్ అయ్యాక దాన్ని మీరే దిద్దుకునే వీలు లేదు. ఇంకా సమయం ఉండగానే రద్దు చేసి మళ్ళీ తీసుకోవడం నయం.

5. ముందు రోజు పరీక్ష

మీ పిల్లలు బాగా తెలియని ఎవరికైనా, పక్కింటివారికైనా సరే, ఆ పత్రాన్ని, టికెట్‌ను ఇచ్చి, "రేపటికి ఈ పిల్లవాడికి ఎన్నేళ్ళు నిండుతాయి?" అని అడగండి. వారు మిమ్మల్ని ఇంకే ప్రశ్నా వేయకుండా అంకె చెప్పగలిగితే మీ పత్రం పనిచేస్తుంది. "ఇది ఈ బాబుదేనా?", "నెల ఏది?" అని అడిగితే టీటీఈ కూడా అదే అడుగుతారు. అలాంటప్పుడు మూడో అంచెకు వెనక్కి వెళ్ళి, రెండో పత్రాన్ని జత చేయండి.

పెట్టె అడుగున కాకుండా టికెట్‌తో పాటు చేతిసంచిలో పెట్టుకోండి. ఫోను మీద మాత్రమే ఆధారపడేవారు ఫైలును ముందే దించుకోండి; ఊళ్ళ మధ్య సిగ్నల్ ఉండదు.

6. టీటీఈ అడిగినప్పుడు

సాధారణంగా అనుమానం కలిగితేనే అడుగుతారు. నేరుగా పిల్లవాడినే "ఏం చదువుతున్నావు?" అని అడగడం పాత పద్ధతి. ఏడో తరగతి అనగానే లెక్క మొదలవుతుంది. పిల్లలకు నిజమైన వయసు, పుట్టిన తేదీ చెప్పడం ముందే నేర్పండి. అబద్ధం మాత్రం నేర్పకండి. ఒకటి తగ్గించి చెప్పమని నేర్పిన పిల్లలు తరగతి దగ్గర దొరికిపోతారు, అప్పుడు బోగీ అంతా వింటుంటే మీరు నీళ్ళు నమలవలసి వస్తుంది.

పెద్దలలో ఒకరే మాట్లాడండి. తాతగారు ఒక మాట, పిన్ని ఒక మాట చెబితే సరైన టికెట్ మీద కూడా అనుమానం పుడుతుంది. పత్రం చేతికిచ్చి, "పదకొండు నిండాయండీ, పన్నెండు ఫలానా తేదీకి నిండుతాయి" అని ఒక్క వాక్యం చెప్పండి. అది చాలు.

7. ఒప్పుకోకపోతే

వాదన పెంచకండి. తేడా ఛార్జీ, దానిపై అదనపు రుసుము కట్టమంటే, ఏ కారణంతో వసూలు చేస్తున్నారో రాసిన రసీదు తప్పకుండా అడగండి. సరైన టికెట్ లేని ప్రయాణానికి రైల్వే చట్టం 138వ సెక్షన్ కింద పడే అదనపు రుసుము కనీసం 250 రూపాయలు. రసీదు లేకుండా చేతిలో పెట్టే డబ్బుకు తర్వాత ఎక్కడా లెక్క ఉండదు. తక్కువలో పోతుందని ఆశపడి ఆ దారి పట్టకండి. రసీదు ఉంటే, ఇంటికి వెళ్ళాక జనన పత్రం జతచేసి రైల్వే ఫిర్యాదుల వేదిక రైల్ మదద్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ప్రయాణంలో ఉండగానే అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139కు ఫోను చేయవచ్చు. నిజంగానే పన్నెండు నిండి ఉంటే మాత్రం, మారుమాట లేకుండా కట్టేయడమే మర్యాద.

తరచూ జరిగే మరికొన్ని పొరపాట్లు

ఆర్టీసీ బస్సులో హాఫ్ టికెట్ తీస్తే పిల్లవాడికి సీటు ఉంటుంది కాబట్టి రైల్లోనూ ఉంటుందనుకోవడం మొదటిది. రిజర్వ్‌డ్ బోగీలో ఉండదు. మీ బెర్తు మీదే సర్దుకోవాలి.

పెద్దవారి ఆధార్ ఒకటి చూపిస్తే పీఎన్‌ఆర్‌లో అందరికీ సరిపోతుందనుకోవడం రెండోది. గుర్తింపుకు సరిపోతుంది. పిల్లల వయసుకు కాదు.

అన్‌రిజర్వ్‌డ్ టికెట్‌ను ఫోను యాప్‌లో తీసుకునేవారు పెద్దల సంఖ్య, పిల్లల సంఖ్య గడులు తారుమారు చేయడం ఇంకొకటి. ఇద్దరు పెద్దలు, ఒక పిల్ల అనవలసిన చోట ఒక పెద్ద, ఇద్దరు పిల్లలు అని పడితే, ఏ జనన పత్రమూ మీ భార్యను పన్నెండేళ్ళ లోపుకు దించలేదు. టికెట్ వచ్చిన వెంటనే, ప్లాట్‌ఫాం మీద ఉండగానే ఆ రెండు అంకెలు చూసుకోండి.